పెనాంగ్‌లో కార్తీక సోమవారం

నవంబర్ 17, 2024. ఆదివారం రాత్రి, జార్జ్‌టౌన్, పెనాంగ్ దీవి, మలేసియా

బటర్‌వర్త్‌లో రైలు దిగి ఫెర్రీ ఎక్కేసరికి వాన పట్టుకుంది. అవతలి ఒడ్డున దీపాలు తప్ప ఏమీ కనబడలేదు.

రేపు కార్తీక సోమవారం. అక్క ఉపవాసం ఉంటానంటోంది. నెలంతా నీచు ఎలాగూ ముట్టదు. తిండికి పేరుపడ్డ ఊరు కదా, ఇక్కడ కూడానా అన్నాను. “దేశం మారితే మాసం మారుతుందా?” అంది. ఇక నేను మాట్లాడలేదు.

నవంబర్ 18. సోమవారం, ఉదయం

చ్యూ జెట్టీ. సముద్రంలో గుంజలు పాతి, వాటి మీద చెక్కలు పరిచి కట్టిన వీధి. రెండు వైపులా ఇళ్లు, నడిమిన పలకల దారి, సందుల్లోంచి కింద బురద నీళ్లు. చైనాలోని ఫుజియన్ నుంచి వచ్చి రేవులో సరుకు మోసినవాళ్లు, పడవలు నడిపినవాళ్లు కట్టుకున్న ఇళ్లివి. ఒక్కో జెట్టీ ఒక్కో ఇంటిపేరువాళ్లది: చ్యూ, లిమ్, టాన్, లీ, యో. ఏ ఒక్క ఇంటిపేరుకూ చెందని కలగలుపు జనానికి వేరే జెట్టీ ఉంది. మన పల్లెల్లో ఒకే ఇంటిపేరు వీధులు చూసిన అక్కకు ఇది ఇట్టే అర్థమైపోయింది.

ప్రతి గుమ్మం పక్కనా ఎర్ర రంగు వేసిన చిన్న గూడు, అందులో అగరొత్తులు. ఒక ముసలావిడ పాత వత్తుల పుల్లలు ఏరి పారేసి, బూడిద వేళ్లతో సమంగా సర్ది, కొత్తవి మూడు గుచ్చింది. అక్క చెప్పులు విడిచి నిలబడి చూసింది.

యునెస్కో 2008లో ఈ ఊరిని మెలాకాతో కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆలోపే రెండు జెట్టీలు కొత్త కట్టడాల కింద పోయాయి. మిగిలినవాటిలో జనం ఇంకా కాపురముంటున్నారు, గుమ్మాల్లోకి కెమెరాలు పెట్టకుండా నడవడం మన బాధ్యత.

పది దాటాక

ఒకే వీధి పొడుగునా, చుట్టుపక్కలా నాలుగు మతాల గుళ్లు. 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, కువాన్ యిన్ అమ్మవారి గుడి, 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, దక్షిణాది ముస్లిం వర్తకులు 1801లో మొదలుపెట్టిన కపితాన్ కెలింగ్ మసీదు. ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఇక్కడ ఇంగ్లీషు జెండా ఎగరేసింది 1786లో. అంటే పదిహేనేళ్లకే మనవైపు వర్తకులు మసీదు కట్టుకునేంతగా స్థిరపడ్డారు.

మారియమ్మన్ గుడి దగ్గర పూలకొట్టు. అక్క నాతో మాట్లాడటం విని కొట్టాయన తలెత్తాడు. “తెలుగోళ్లా అమ్మా?” వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్‌లో కొబ్బరితోటల పనికి వచ్చారట. “ఇంట్లో తెలుగేనమ్మా. వీధిలో తమిళం, ఆఫీసులో మలయ్.” ఇక్కడి తెలుగువాళ్లు 1955లోనే మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే ఇవాళ్టి మలేసియా తెలుగు సంఘం. మన ఊళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? అక్క దగ్గర పూలకు డబ్బు తీసుకోనన్నాడు. అక్క ఒప్పుకోలేదు. చివరికి సగం ధరకు రాజీ కుదిరింది.

ఖూ కోంగ్సీ, అంటే ఖూ ఇంటిపేరువాళ్ల వంశ మందిరం. పాత భవనం 1901లో కాలిపోయింది. చక్రవర్తి కోటకు దీటుగా కట్టారని దేవతలకు కోపం వచ్చిందని అప్పట్లో అనుకున్నారట. 1906లో కాస్త తగ్గించి కట్టినదే ఇది. ఆ తగ్గించినదాన్నే గంటసేపు తలెత్తి చూశాం.

మధ్యాహ్నం

ఆసమ్ లక్సా. దీనికోసమే వచ్చాను.

కొట్టావిడ గిన్నెలో లావుపాటి బియ్యపు నూడుల్స్ వేసి, మరుగుతున్న పులుసు పోసి, మళ్లీ ఆ పులుసును కుండలోకే వంచేసింది. మళ్లీ పోసింది, మళ్లీ వంచింది. నూడుల్స్ వేడెక్కాకే ఆఖరిసారి నిండుగా పోసి, పైన కీరా, అనాస, ఉల్లిపాయ, పుదీనా, సన్నగా తరిగిన అల్లంపువ్వు చల్లింది. గరిటెతో నల్లటి రొయ్యల ముద్ద పక్కన పెట్టింది. పులుసులో చేప ముక్కలుగా కనబడదు. ఉడికించి, ముళ్లు తీసి, చిదిపి కలిపేస్తారు. మొదట చింతపండు పులుపు తగులుతుంది, తర్వాత మిరప ఘాటు, ఆ వెనక చేప. రొయ్యల ముద్ద కలపగానే అదంతా బరువెక్కి తీపి తేలుతుంది. మన చేపల పులుసు తిని పెరిగిన నాలుకకు ఇది పరాయి తిండి కాదు.

అక్క ఎదురుగా మంచినీళ్లు తాగుతూ కూర్చుంది. “ఆ పువ్వేమిటో అడుగు,” అంది. అడిగాను. కొట్టావిడ ఒక పువ్వు తెచ్చి అక్క చేతిలో పెట్టింది. గులాబీ రంగు మొగ్గ, నిమ్మకూ అల్లానికీ మధ్య వాసన.

నాలుగింటికి

ఆర్మీనియన్ స్ట్రీట్‌లో సైకిలు మీద పిల్లల బొమ్మ. 2012లో చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరెవిచ్ గీసినది. గోడకు నిజం సైకిలే బిగించారు. ఫొటోల వరస పొడుగ్గా ఉంది. చూసి వచ్చేశాం.

చార్ క్వే టియో బండి. బొగ్గుల పొయ్యి, నల్లబడ్డ మూకుడు, ఒక్కసారికి ఒక్క పళ్లెమే. పదిమంది నిలబడి ఉన్నా రెండు పళ్లేలవి కలిపి వేయడు. వెడల్పు బియ్యపు నూడుల్స్, రొయ్యలు, గవ్వ మాంసం, గుడ్డు, మొలకలు, చివర్లో పచ్చి ఉల్లికాడలు. రుచంతా మంటలో ఉంది. ఎక్కువ వేస్తే మూకుడు చల్లబడి నూడుల్స్ ఉడుకుతాయే గాని వేగవు. తొందరపెట్టినా ఆ మనిషి పట్టించుకోకపోవడం నాకు ఎంతో నచ్చింది.

సందె వేళ

మబ్బు. నక్షత్రాలు కనబడే ఆశ లేదు. ఫోన్‌లో సూర్యాస్తమయం చూసుకుని, గదిలో దీపం పెట్టి, అక్క బయటికి వచ్చింది. ఉపవాసం విడిచింది చెండోల్‌తో: గీరిన ఐసు, కొబ్బరిపాలు, తాటిబెల్లం లాంటి గుల మెలాక పాకం, పాండన్ ఆకుతో పచ్చబడ్డ బియ్యప్పిండి పోగులు. రెండు చెంచాలు తిన్నాక, “బెల్లం మంచిది, మాడలేదు,” అంది. అక్క నోట అది పెద్ద మెప్పు.

రాత్రి తొమ్మిది

నాసి కందార్. తమిళ ముస్లింలు ఒకప్పుడు కావడిలో ఒకవైపు అన్నం, ఒకవైపు కూర పెట్టుకుని రేవు కూలీలకు అమ్మిన భోజనం. ఇప్పుడు కొట్లలో నాలుగైదు కూరల పులుసులు అన్నం మీద కలిపి పోస్తారు.

తింటుంటే ఒక విషయం మనసులో మెదులుతోంది. హాకర్ బండ్ల దగ్గర విదేశీయులు ముఖ్య వంటవాళ్లుగా ఉండకూడదని 2016 నుంచి ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వ నిబంధన. అసలు రుచి చెడుతుందని భయం. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయను, చేతివాటం ఒక తరంలో పోతే తిరిగి రాదు. కానీ ఇవాళ పొద్దుటి నుంచి నేను తిన్నవన్నీ ఎక్కడి నుంచో పడవెక్కి వచ్చినవాళ్లు తెచ్చినవీ, ఇక్కడివాళ్లతో కలిసి మార్చుకున్నవీ. నేర్చుకోవాలన్న ఓపిక ఎవరికుంటే వాళ్లకు గరిటె ఇవ్వాలి. పాస్‌పోర్టు చూసి కాదు.

నవంబర్ 19. మంగళవారం

రోటీ చనాయ్, పప్పు. అక్క రెండు తిని, పుస్తకం తీయమంది. లక్సా చేసే పద్ధతి చెప్పించుకుని రాయించింది. డిసెంబర్ 1న కార్తీకం వెళ్లిపోతుంది, ఆ మర్నాడే పొయ్యి ఎక్కించాలట. కానాగంత చేపలు మన బజార్లో దొరుకుతాయి. చింతపండు, పుదీనా, అనాసకు లోటు లేదు. నిమ్మగడ్డి పెరట్లోనే ఉంది. రొయ్యల ముద్ద సీసా కొన్నాం. ఆ అల్లంపువ్వు మాత్రం ఎక్కడ దొరుకుతుందో హైదరాబాద్‌లో నర్సరీలకు ఫోన్ చేసి కనుక్కోమని నాకు అప్పగించింది.