సాలూరు గొయ్యి, మిషిగన్ స్తంభాలు

సాలూరు పిల్లలకు బండిని పక్కనుంచి చూసిన గుర్తు కన్నా కిందినుంచి చూసిన గుర్తే ఎక్కువ. రాయపూర్ రోడ్డు మీదున్న ఊరు మాది. ఇటు విజయనగరం, అటు ఘాటీ ఎక్కితే సుంకి, పొట్టంగి, కొరాపుట్. ఆ రోడ్డుకి అప్పట్లో 43వ నంబరు, ఇప్పుడు 26. జిల్లా కూడా మారిపోయింది, 2022 ఏప్రిల్ నుంచి మాది పార్వతీపురం మన్యం. లారీలు మాత్రం అలాగే ఉన్నాయి. మా వీధిలో డ్రైవరో, క్లీనరో, ఓనరో, బాడీ కట్టే వడ్రంగో లేని ఇల్లు వెతుక్కోవాలి.

వీధి చివర రేకుల షెడ్డు, దాని మధ్యలో ఇటుకలు పేర్చి కట్టిన గొయ్యి. చక్రాలు గొయ్యికి అటూ ఇటూ పడేలా క్లీనరు "రానీ, రానీ" అంటూ బాడీ మీద చేత్తో చరుస్తుంటే లారీ వచ్చి ఆగేది. వైరు తగిలించిన బల్బు పట్టుకుని మేస్త్రి గోతిలోకి దిగేవాడు. ఘాటీ దిగొచ్చిన బండి బ్రేకు డ్రమ్ములు కమురు వాసన వేసేవి. కమాన్ కట్టలో పట్టీ విరిగిందా, యూ బోల్టు వదులైందా, హౌసింగ్ దగ్గర నూనె కారుతోందా, అన్నీ తీరిగ్గా నిలబడి చూసుకోవచ్చు. అయితే గొయ్యికి రెండు జబ్బులు. వానాకాలం నీళ్లతో నిండిపోతుంది, బకెట్లతో తోడాలి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి గోతిలోకి దిగి అక్కడే పేరుకుంటుంది. మావాళ్లు గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించేవారు!

అంబాసిడర్లు వచ్చేసరికి గొయ్యి ఖాళీగా ఉండేది కాదు. జాకీ వేసి ఎత్తడం, గోనెసంచి పరుచుకుని వెల్లకిలా దూరడం. కానీ మా మేస్త్రి ఒక పని చేయకుండా ఎప్పుడూ దూరలేదు. బరువైన చెక్క దిమ్మలు తెచ్చి బండి అడుగున పెట్టి, జాకీని కాస్త దించి, బరువు దిమ్మల మీదికి వచ్చిందో లేదో భుజంతో తోసి చూసేవాడు. "జాకీ ఎత్తడానికిరా గుంటా, నిలబెట్టడానికి కాదు" అనేవాడు. పై ఊరి షెడ్డులో ఒక కుర్రాడి చెయ్యి జాకీ జారి నలిగిందని విన్న రోజు ఆయన సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి అరగంట దూరంలో. కార్లే తిండి పెట్టే ప్రాంతం కాబట్టి ఇంటి గ్యారేజీలో పాత కారు పెట్టుకుని ఆదివారాలు దానితో కుస్తీ పట్టేవాళ్లను ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. నాది 1972 నాటి ఎంజీబీ, పైకప్పు మడిచే రెండు సీట్ల బండి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఈ కార్లు చేశారు. మొత్తం 5 లక్షలు దాటాయి, వాటిలో పెద్ద వాటా అమెరికాకే వచ్చింది. "తెలుగువాడివి, అంబాసిడరు తెప్పించుకోవచ్చుగా" అని మిత్రులు దెప్పుతుంటారు. 25 ఏళ్లు దాటిన కారును అమెరికా రానిస్తుంది, నిజమే. కానీ నాకు కావలసింది బానెట్ కింద దొరికింది. ఉత్తరపారాలో 2014 మే దాకా తయారైన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు ఉన్నది 1489 సీసీ బీ-సిరీస్ ఇంజను. ఎంజీబీలోది అదే కుటుంబం, 1798 సీసీ. ట్యాపెట్ కవరు తీస్తే షెడ్డులో చూసిన వరసే కనిపిస్తుంది. పైగా దీనికి ఏ స్పేర్ పార్టు కావాలన్నా వారం తిరక్కుండా ఇంటికొస్తుంది.

ఈ కారుకి అడుగున పని ఎక్కువ. ముందు చక్రాల కింగ్‌పిన్నులకు వరస తప్పకుండా గ్రీజు కొట్టాలి. వెనక కమాన్ కట్టల బుష్షులు మార్చాలి. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు తిన్న చోటల్లా గోకి చూసుకోవాలి. యాభైకి దగ్గరపడ్డ నడుముతో వెల్లకిలా దూరడం ఇక అయ్యే పని కాదని రెండు స్తంభాల లిఫ్టు పెట్టించాను.

లిఫ్టు కొనడం తేలిక, నేల చూసుకోవడమే అసలు పని. 9000 పౌండ్లు, అంటే 4 టన్నుల పైచిలుకు ఎత్తే మామూలు రకానికి కంపెనీలు అడిగేది కనీసం 4 అంగుళాల మందం, 3000 పీఎస్‌ఐ బలం ఉన్న కాంక్రీటు. నాలుగు స్తంభాలదయితే మంచంలా తనంతట తాను నిలబడుతుంది. రెండు స్తంభాలదానికి అడుగున బిగించిన యాంకర్ బోల్టులు, అవి కరుచుకున్న నేల, ఇవే దిక్కు. ఇంటి కాగితాల్లో రాసిన మందాన్ని నమ్మకుండా డ్రిల్లుతో రంధ్రం వేయించి కొలిపించాను. చాలని చోట పలకను కోసి, లోతుగా కొత్త కాంక్రీటు పోసి, 28 రోజులు ఆగాలి. టెక్సస్ వైపు చాలా ఇళ్ల పలకల్లో బిగదీసిన ఉక్కు తాళ్లుంటాయి. డ్రిల్లు తగిలి ఒకటి తెగిందంటే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడివాళ్లు స్కాన్ చేయించకుండా చిన్న రంధ్రం కూడా పెట్టకూడదు. పైకప్పు సంగతి ఇంకో తగువు. స్తంభాలను పైన దూలంతో కలిపే రకానికి 11, 12 అడుగుల ఎత్తు కావాలి. అంత లేకపోతే కేబుళ్లు నేల మీది ప్లేటు కింద నడిచే రకం తీసుకోవాలి. ఇక్కడ ఇంటి ప్లగ్గుల్లో వచ్చేది 120 వోల్టులే, లిఫ్టు మోటారుకి 220 కావాలి, కాబట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విడిగా లైను వేయించుకోవాలి. సాలూరులో అయితే ఏ గోడ ప్లగ్గులో చూసినా 230 ఉంటుంది, కరెంటు ఉంటే.

స్విచ్చి నొక్కితే మోటారు నూనెను సిలిండర్లలోకి తోస్తుంది. స్తంభాల్లోని క్యారేజీలు, కారు కింద ఆనే చేతులను పట్టుకుని పైకి లేస్తాయి. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండేలా ఉక్కు కేబుళ్లు చూసుకుంటాయి. పైకి వెళ్తున్నకొద్దీ స్తంభం లోపల లాకులు పడే చప్పుడు, టక్, టక్ అని. కావలసిన ఎత్తును ఒక పిసరు దాటాక మోటారు ఆపి, కారును దించి ఆ లాకుల మీద కూర్చోబెట్టాలి. అప్పుడిక బరువు నూనె మీద ఉండదు, ఉక్కు మీద ఉంటుంది. సీలు కారినా గొట్టం పగిలినా కారు కదలదు. లిఫ్టుతో వచ్చిన పుస్తకం మరీ మరీ చెప్పింది ఈ ఒక్క విషయమే. గోనెసంచి పక్కన కూర్చుని విన్నవాడికి అది కొత్త కాదు.

కొత్త కార్లకు లిఫ్టు చేతులు ఎక్కడ ఆనించాలో కంపెనీయే చూపిస్తుంది. యాభయ్యేళ్ల కారులో ఆ చోట ఇప్పుడున్నది ఇనుమో, రంగు పూసిన తుప్పో మనమే తేల్చుకోవాలి. ఎంజీబీకి విడిగా చేసిస్ లేదు. గట్టి పైకప్పూ లేదు కాబట్టి తలుపుల కిందున్న సిల్స్ మీదే బండి నడుం నిలబడాలి. సుత్తి పిడితో తట్టి వింటాను. గట్టిగా పలికితే సరే, మెత్తగా పలికితే దాని జోలికి పోను. ముందు చేతులు ముందున్న రైల్స్ కింద, వెనక చేతులు కమాన్ కట్ట ముందు కొస బిగించిన చోట. తలుపులు మూసి ఎత్తుతాను, చక్రాలు నేల వదలగానే ఆపి బంపరు పట్టుకుని ఊపి చూస్తాను. తలుపు సందు ముందుకన్నా వెడల్పయిందంటే బాడీ వంగుతోందన్నమాట, వెంటనే దించెయ్యాలి. బరువు చెదిరే పనులతో మరీ జాగ్రత్త. ఎంజీబీకి క్లచ్చు మార్చాలంటే ఇంజనును బయటికి లాగాలి. ముందున్న బరువంతా పోయాక కారు వెనక్కి మొగ్గుతుంది. ఆ పని నేల మీదే చేసుకుంటాను. కమాన్ కట్టల బుష్షు బోల్టులకు చివరి బిగింపు కూడా బండి చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి తొందరగా చిరుగుతుంది.

స్తంభాల నడుమ కారు లేచి నిలబడ్డ ఫొటో మా నాన్నకి పంపిస్తే "కోడి రామ్మూర్తిని కొన్నావన్నమాట" అన్నారు. వీరఘట్టం మనిషి కోడి రామ్మూర్తి నాయుడు. విజయనగరంలో కసరత్తు నేర్చి సర్కసు పెట్టిన మల్లయోధుడు. రెండు చేతులకూ గొలుసులతో రెండు కార్లు కట్టి చెరో వైపు నడిపితే అవి కదలలేకపోయేవని మా వైపు ఇంటింటా చెప్పుకుంటారు. కలియుగ భీముడన్నారాయన్ని. 1942లో పోయారు. విశాఖ బీచిలో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

మేస్త్రికి వీడియో కాల్‌లో చూపించాను. ఇప్పుడు షెడ్డు అల్లుడు నడుపుతున్నాడు, ఈయన మంచం మీద కూర్చుని తప్పులు పడుతుంటాడు. కారు వైపు పెద్దగా చూడలేదు.

"ఆ నూనె దిగిపోతే ఏటి బావూ?"

కెమెరా లాకు దగ్గర పెట్టి చూపించాను.

"అయితే దిమ్మ లోపలే ఉందన్నమాట. బాగుంది. నీతో పాటు ఇంకెవరుంటారక్కడ?"

"ఎవరూ లేరు మావా, నేనొక్కణ్నే."

"అదే బాగోలేదు. ఇంట్లో మనిషి లేనప్పుడు దాని కిందికెళ్లకు."

ఆ మాట ఏ పుస్తకంలో ఉన్నా లేకపోయినా పాటిస్తున్నాను. షెడ్డులో ఎవరు కిందున్నా పక్కన పదిమంది ఉండేవాళ్లు, పానా అందించడానికి ఒకడు, సలహాలివ్వడానికి మిగతావాళ్లు. ఇంటి గ్యారేజీలో ఒంటరి పని, దీన్ని స్వేచ్ఛ అని మురిసిపోయేవాళ్లతో నాకు పేచీ ఉంది.

సాలూరు షెడ్డులో గొయ్యి పూడ్చేశారు, వానలకు గోడ కూలింది. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా చిన్న కార్లు. విజయనగరం, శ్రీకాకుళం షోరూముల సర్వీసు సెంటర్లలో లిఫ్టులున్నాయి కానీ రోడ్డు పక్క షెడ్లది మట్టి నేల, అద్దె జాగా. చెక్క దిమ్మలు పోయి వాటి చోటికి ఇటుకలు, సిమెంటు దిమ్మలు వచ్చాయి. బరువు పడితే అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. ఊరికి ఆర్చీలు, గుడికి గేట్లు కట్టించే ప్రవాస మిత్రులకు నాదొక మనవి. ఈసారి వెళ్లినప్పుడు మీ బండి బాగుచేసే షెడ్డుకి మూడు టన్నుల జాకీ స్టాండ్లు రెండు జతలు కొనిచ్చి రండి. లిఫ్టే ఇద్దామనుకుంటే ముందు ఆ షెడ్డుకి కాంక్రీటు నేల పోయించండి, లిఫ్టు సంగతి తర్వాత.