మరుగుదొడ్డిలో నీళ్ళ లెక్క

స్త్రీల రచనల్లో వంటింటి గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. విమల 'వంటిల్లు' కవిత మీద పాఠాలు చెప్పాం, పరిశోధన పత్రాలు రాశాం. పడకగది గురించీ మాట్లాడుకున్నాం. మరుగుదొడ్డి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట తడబడుతుంది. మన కథల్లోకి అది ఎక్కువగా ఒక లేమిగానే వస్తుంది. చీకటి పడేదాకా ఓర్చుకోవడం, తుమ్మచెట్ల చాటు, పక్కనెవరైనా ఉంటే బాగుండునన్న భయం. ఇవన్నీ రాయవలసినవే. కానీ కట్టిన మరుగుదొడ్డి రోజూ నడవాలంటే ఏం కావాలి, ఆ పని ఎవరి మీద పడుతుంది, పాడైతే దాని మూత తీసే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు మన చర్చల్లోకి అంతగా రాలేదు. ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లో ఎదురుకాలేదు, కారిపోతున్న ఒక ఫ్లష్ ట్యాంకు దగ్గర ఎదురయ్యాయి.

నంబులపూలకుంటలో కొన్ని నెలలు ఉన్నాను. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న మండలం అది. అందరూ ఎన్.పి. కుంట అంటారు. బయటివాళ్ళకి ఈ మండలం పేరు రెండు కారణాల వల్ల తెలుసు. ఒకటి, మైళ్ళ కొద్దీ పరుచుకున్న సోలార్ పార్కు. రెండోది, గూటిబయలు దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను. ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రిచెట్టుగా 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. జబ్బుపడిన భర్తకి సేవ చేసి, అతని చితి మీద సహగమనం చేసిన తిమ్మమ్మ పేరు మీద వెలసిన చెట్టని స్థలకథ. చితి దగ్గర పాతిన గుంజే చిగిర్చి మానైందంటారు. ఈ కథని ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు ఎలా చెప్పుకుంటారో రాసుకోవడానికి వెళ్ళాను. రెండు గదులు అద్దెకిచ్చిన అవ్వ మాత్రం నా పని గురించి విని, "సేవ చేసింది, సేవ చేసింది అంటారు గదా పాపా. ఆ సేవకి ఆయమ్మ ఎన్ని బిందెలు మోసిందో ఎవురన్నా చెప్తారా?" అంది. నేను సేకరించిన కథనాలన్నిటిలోకీ నాకు ముఖ్యమైంది ఈ ప్రశ్నే.

అవ్వ ఒంటరిగా ఉంటుంది. కొడుకు కుటుంబం బెంగుళూరులో. పండక్కి వచ్చే పిల్లల కోసం పెరట్లో కమోడు, ఫ్లష్ ట్యాంకుతో మరుగుదొడ్డి కట్టించాడు. కట్టించింది పిల్లల కోసమైనా దాని అవసరం ఎక్కువ అవ్వకే. మోకాళ్ళు అరిగిపోయాయి, గొంతుకు కూర్చుని లేవలేదు. బకెట్ ఎత్తలేదు. ట్యాంకు పనిచేయని రోజుల్లో అవ్వ ఏం చేసేదో కొన్నాళ్ళకి గమనించాను. పొద్దుగూకాక నీళ్ళు తాగడం మానేసేది. రాత్రి లేవాల్సి వస్తుందని. వయసులో ఉండగా చీకటి కోసం కడుపు మాడ్చుకున్న మనిషి, ఇంట్లో మరుగుదొడ్డి వచ్చాక కూడా గొంతు ఎండబెట్టుకుంటోంది. లెక్కల్లో ఆమెది మరుగుదొడ్డి ఉన్న ఇల్లే.

ట్యాంకు లోపలి సామాను చెడిపోతే కదిరి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. నీళ్ళు నింపి ఆపే బాల్ కాక్ మార్చాడు. ఫ్లష్ వాల్వు అడుగున ఉండే రబ్బరు వాషరు మార్చాడు. ట్యాంకుని కమోడుకి బిగించే బోల్టుల వాషర్లూ మార్చాడు. అయినా రాత్రిళ్ళు సన్నటి చప్పుడు ఆగలేదు. మిద్దె మీది 500 లీటర్ల ట్యాంకు, రోజు విడిచి రోజు వచ్చే పంచాయతీ నీళ్ళు మళ్ళీ వచ్చేలోపే ఖాళీ అయ్యేది. అతను రెండోసారి వచ్చి నట్లు ఇంకాస్త బిగించాడు. కింద తడి లేదు కాబట్టి కారడం లేదన్నాడు. ఆ తర్వాత, "ఈ ట్యాంకే పాతబడింది, కొత్తది ఏయాల" అని తేల్చి, బెంగుళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి వివరంగా చెప్పాడు. చప్పుడు విన్నది అవ్వ. మిద్దె ట్యాంకు ఎండిపోవడం చూసింది అవ్వ. వివరం మాత్రం మూడు గంటల ప్రయాణం దూరంలో ఉన్న మగవాడికి అందింది. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. మమ్మల్ని "అక్కా", "అవ్వా" అంటూ మర్యాదగానే మాట్లాడాడు. యంత్రం గురించి ఆడవాళ్ళతో చెప్పడానికి ఏముంటుందన్నది అతను విడిగా ఆలోచించి చేసుకున్న నిర్ణయం కూడా కాదు. కొత్త ట్యాంకుకీ మజూరీకీ కలిపి అతను చెప్పిన మొత్తం, అవ్వకి నెలనెలా వచ్చే 4,000 రూపాయల పింఛనులో సగానికి పైనే.

నేను మూత తీశాను. పింగాణీ మూత పక్కన పెట్టి లోపలికి చూస్తే, భయపడాల్సిందేమీ లేదు. నీళ్ళు మూడు దారుల్లోనే పోగలవు. ట్యాంకు అడుగు బోల్టుల దగ్గర్నుంచి బయటికి పోతే నేల తడుస్తుంది. అక్కడ పరిచిన పాత పేపరు పొడిగానే ఉంది. బాల్ కాక్ సరైన ఎత్తులో ఆగకపోతే నీళ్ళు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కమోడులోకి దిగిపోతాయి. గొట్టం అంచుకి ఒక అంగుళం కిందే నీటిమట్టం ఆగాలి, ఆగింది. ఇక మిగిలింది అడుగునున్న ఫ్లష్ వాల్వు. బట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగాం. కమోడు నీళ్ళలోకి నీలం దిగింది. అవ్వ తొంగిచూసి, "ఇన్నాళ్ళూ నా చెవి చెప్పింది ఇదే" అంది.

తర్వాత లెక్క. ట్యాంకులోకి నీళ్ళొచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టాను. గంటలో మట్టం అయిదు సెంటీమీటర్లు దిగింది. లోపలి పొడవు నలభై, వెడల్పు పదిహేను సెంటీమీటర్లు. అంటే గంటకి మూడు లీటర్లు, రోజుకి 72 లీటర్లు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ గ్రామాల్లో మనిషికి రోజుకి ఇవ్వాలని పెట్టుకున్న లెక్క 55 లీటర్లు. ఒక మనిషి వాటా కంటే ఎక్కువ నీళ్ళు కంటికి కనపడకుండా గుంతలోకి పోతున్నాయి. అవ్వ ఈ లెక్కని తన కొలతలోకి మార్చుకుంది. "దినానికి అయిదు బిందెలు" అంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల మీద, జీవితమంతా నీళ్ళు మోసిన మనిషి అన్న మాట అది. అందులో ఆశ్చర్యం కంటే కోపం ఎక్కువ.

కొత్త వాషరు వేశాక కూడా ఎందుకు కారుతోంది? వాల్వుని కొద్దిగా ఎడమకి తిప్పితే పైకి వచ్చేసింది. వాషరు మెత్తగా, గీత పడకుండా బాగానే ఉంది. అది కూర్చోవాల్సిన అంచుని, ప్లంబర్లు సీటు అంటారు, వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. ఇక్కడి ఉప్పునీళ్ళు ఏళ్ళ తరబడి పేర్చిన సున్నపు పొర. వాషరు మారింది, సీటు మారలేదు. గరుకు అంచు మీద కొత్త రబ్బరు ఎంత మంచిదైనా సందు వదులుతుంది.

కత్తితో గీకుదామా అన్నాను. గీకితే గాట్లు పడతాయనీ, ఆ గాట్లలోంచి ఇంకా కారుతుందనీ అవ్వే వారించింది. నీళ్ళ కాగు అడుగున పట్టిన ఉప్పుని ఆమె ఏం చేస్తుందో నాకు చెప్పింది. చింతపండు గుజ్జులో రెండు నిమ్మకాయలు పిండి, పాతగుడ్డ ముంచి రాత్రంతా ఆ అంచు మీద కప్పి ఉంచాం. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర తెల్లగా ఊడి వచ్చింది. వేలికి నున్నగా తగిలేదాకా మళ్ళీ ఒకసారి అదే పని చేశాం. వాల్వు పెట్టి, నీళ్ళు నింపి, పెన్సిలు గీత చూసి పడుకున్నాం. తెల్లారి మట్టం గీత మీదే ఉంది. అయిన ఖర్చు రెండు నిమ్మకాయలు, గుప్పెడు చింతపండు.

జూడీ వాజ్‌మన్ 1991లో రాసిన 'ఫెమినిజం కన్‌ఫ్రంట్స్ టెక్నాలజీ' పుస్తకంలో, మగవాళ్ళు చేసే పనులకే సాంకేతికత అన్న పేరు దక్కిందనీ, ఆడవాళ్ళు తరాలుగా సాధించిన నైపుణ్యాలు ఆ పేరుకి నోచుకోలేదనీ వాదిస్తుంది. అనేకసార్లు చదివిన వాదనే. కానీ అవ్వ పెరట్లో దానికి ఒక రూపం వచ్చింది. కాగు అడుగున ఉప్పు పట్టడం, వాల్వు సీటు మీద ఉప్పు పట్టడం ఒకటే. మొదటిదానికి విరుగుడు తెలిసిన మనిషికి రెండోది తెలియకపోవడం ఎలా సాధ్యం? తెలియక కాదు, ఆ మూత ఆమె ముందు ఎవరూ తెరవలేదు. తెలివిని వంటింటి గడప దగ్గరే ఆపేసి, అవతల ఉన్నదానికి యంత్రమని పేరు పెట్టాం. రూత్ ష్వార్ట్జ్ కోవాన్ 1983లో అమెరికా గృహిణుల గురించి రాస్తూ, ఇంట్లోకి వచ్చిన కొత్త యంత్రాలు ఆడవాళ్ళ చాకిరీని తగ్గించలేదని చూపించింది. మన దగ్గర 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ పల్లెల్లో కోట్ల మరుగుదొడ్లు కట్టించింది. వాటిని ఆడవాళ్ళ ఆత్మగౌరవానికి గుర్తుగా చెప్పారు. అందులో అబద్ధం లేదు. ఆ గౌరవానికి రోజూ కావలసిన నీళ్ళు ఎవరు తేవాలి, ఎవరు కడగాలి అన్నది మాత్రం ఇంటి లోపలి విషయంగా మిగిలిపోయింది. ఇంటి లోపలి విషయం అంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది ఇద్దరాడవాళ్ళ విజయగాథ అవుతుంది. నాకు అలా ఆపాలని లేదు. పని అయ్యాక అవ్వ నన్ను లోపలికి రానివ్వలేదు. తలకి పోసుకుని రమ్మంది. "సదువుకున్నదానివి, ఈ పనికి చెయ్యి పెడితివి" అని బాధపడింది. ట్యాంకులో ఉన్నవి మిద్దె మీది ట్యాంకు నుంచి దిగిన నీళ్ళే. కుళాయి తిప్పితే అవే నీళ్ళతో బియ్యం కడుగుతాం. అవి కమోడుని ఇంకా తాకలేదు. ఆ మాటే చెప్పాను. అవ్వకి నీళ్ళ శుభ్రతతో పేచీ లేదు, ఆ గది పేరుతోనే పేచీ. మూత తీయడానికి ఆడదాన్ని అన్న అడ్డు ఒకటైతే, అది ఫలానా కులాల పని అన్న అడ్డు రెండోది. మొదటిదాన్ని మేమిద్దరం కలిసి దాటాం. రెండోదాని దగ్గర ఆమె ఆగిపోయింది. నేను దాటానని చెప్పుకోవడం కూడా తేలికే. నేను చెయ్యి పెట్టింది మంచినీళ్ళలో.

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. కోలార్ గనుల్లో పుట్టిన బెజవాడ విల్సన్ లాంటివాళ్ళు, సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపిన పోరాటాలు లేకపోతే అది కాగితం మీదే ఉండేది. గీతా రామస్వామి 2005లో వెలువరించిన 'ఇండియా స్టింకింగ్' ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని చేస్తున్నవాళ్ళ గురించే. సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని 2014లో, ఆ మొత్తాన్ని 30 లక్షలకి పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. చట్టం మారుతోంది, పరిహారం మారుతోంది. చనిపోతున్నవాళ్ళ కులం మారడం లేదు. సీటు మీది పొర అలాగే ఉంది.

స్త్రీవాద విమర్శ ఇంటిని గది గదిగా చదివింది. ఆ చదువు పెరటి దాకా రావాలంటే జెండర్ ఒక్కటే చాలదని దళిత స్త్రీలు మనకి ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. అవ్వ మరుగుదొడ్డి వెనకాల, బండ పరిచిన సెప్టిక్ గుంత ఒకటుంది. రోజుకి అయిదు బిందెల మంచినీళ్ళు ఇప్పుడు అందులోకి పోవడం లేదు కాబట్టి, నిండడానికి ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది. కానీ నిండుతుంది. ఆ రోజు బెంగుళూరు నుంచి ఫోన్ వస్తుంది, ఎవరినో మాట్లాడతారు, ఎవరో వస్తారు. ఆ బండ తీసేది అవ్వా కాదు, నేనూ కాదు. వచ్చేవాళ్ళ చేతికి మిషనూ గొట్టమూ ఉంటాయా, తాడూ బకెట్టూ ఉంటాయా అని అడిగే బాధ్యత మాత్రం మా ఇద్దరిదీ.