నిర్వహణ మెఱుగని కథ

మొదటినుండి అవివేకముగా నడచిన కథ చెడిపోయినదని ఎవరును వగవరు. చూచినవారు మఱునాటికే దానిని మఱచిపోవుదురు. కాని ఒక కథ మన విశ్వాసమును చూఱగొని, తన పాత్రలను మన బంధువర్గములో చేర్చి, ప్రతి రాత్రియు మన యింట కొంత కాలమును తనదిగా చేసికొని, అటుపిమ్మట తన్ను తానే మఱచి దారి తప్పినప్పుడు ప్రేక్షకునకు కలుగు వ్యథ వేఱు జాతిది. అందులో కోపముకంటె బెంగయే హెచ్చు. తెలుగునాట అట్టి వ్యథను అసంఖ్యాకములైన కుటుంబములకు చవిచూపినది ‘కార్తీక దీపం’ ధారావాహిక.

2017వ సంవత్సరమున స్టార్ మా చానెలులో ప్రారంభమై 2023 జనవరిలో ముగిసిన ఈ సీరియలు, మలయాళమున ఏషియానెట్ వారు ప్రసారము చేసిన ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపము. అక్కడ నాయికగా నటించిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీప పాత్రను ధరించెను. నిరుపమ్ పరిటాల డాక్టరు కార్తీక్ అయ్యెను. రాత్రి 7.30 గంటలకు ఈ కథ వచ్చు వేళకు వంటయిల్లు సర్దుకొని కూర్చుండుట ఎన్నో యిండ్లలో నియమమయ్యెను. ‘వంటలక్క’, ‘డాక్టర్ బాబు’ అను రెండు పిలుపులు నటుల అసలు పేర్లను కప్పివేయునంతగా జనుల నాలుకలపై నిలిచినవి.

ఆ ప్రేమకు ఆ కథ అర్హమైనదే. పెండ్లిచూపులనాడు పిల్ల చామనచాయ యని గొంతు తగ్గించి చెప్పుకొని, ఆ ఛాయకు కట్నమున వెల కట్టు లోకమిది. అట్టిచోట నల్లని ఆడపిల్లను నాయికగా నిలిపి, ఆమెను చూచి మొదట మొగము త్రిప్పుకొన్న అత్త సౌందర్యయే పిమ్మట ఆమెకు అండగా నిలుచునట్లు నడపిన కథకు ధైర్యము గలదు. తెల్లని నటికి నల్లని రంగు పూసి ఆ పాత్రను నిలుపవలసివచ్చుట, ఏ దురాచారమును కథ ఖండింపబూనెనో దాని బలమునకే సాక్ష్యమని నాకు తోచెడిది. అయినను ఆ నటి కన్నులలోని నిబ్బరము చూచినప్పుడు ఆ యాక్షేపము నిలువలేదు. దీప తన అవమానమును దాచుకొనలేదు, దానిని చూపి జాలిని యాచింపనూలేదు. భర్త అనుమానించిన నాడు ఇల్లు విడిచి, వంట చేసి బ్రతికి, బిడ్డను పెంచుకొనెను. తన కష్టముతో తాను బ్రతుకు స్త్రీకి మన సీరియళ్లలో అంతటి గౌరవము దొరకుట అరుదు.

కార్తీక్ సైతము దుర్మార్గుడు కాడు. కథకు ప్రాణము అదియే. తనకు సంతానయోగ్యత లేదని నమ్మియున్న వైద్యుడు గర్భవతియైన భార్యను చూచి ఏమనుకొనును? ఆ నమ్మకము వెనుక అతనిని కోరుకొన్న మోనిత పన్నిన మోసమున్నదని మనకు తెలియును, అతనికి తెలియదు. శాస్త్రమును నమ్మినవాడు భార్యను నమ్మలేకపోయెను. పుట్టిన కవలలలో శౌర్య తల్లియొద్ద పెరిగెను. హిమ, కన్నతండ్రియని ఎఱుగని తండ్రియొద్దనే పెంపుడుకూతురుగా పెరిగెను. ఎదుట నిలిచిన బిడ్డ తన రక్తమేయని తెలియక తండ్రి ఆ బిడ్డను అక్కున చేర్చుకొను ఘట్టమునకు మన సాహిత్యమున రాజమార్గము కలదు. కాళిదాసు దుష్యంతుడు ఆ దారినే నడచెను, భవభూతి రాముడును ఆ దారినే నడచెను. చదువురాని అవ్వ కంటను, పండితుని కంటను ఒకేవిధముగా నీరు తెప్పింపగల ఘట్టమది. ఆ సీరియలు తొలి సంవత్సరములలో ఆ నీరు తెప్పించినది. ఆ కీర్తిని దానికి దక్కనీయకుండుట అన్యాయము.

మఱి ఎచట చెడినది? 10వ శతాబ్దమున ధనంజయుడు దశరూపకమున రూపకములకు ముఖము, ప్రతిముఖము, గర్భము, అవమర్శము, నిర్వహణము అని ఐదు సంధులను, అనగా కథాభాగములను, చెప్పెను. మూడవదగు గర్భసంధిలో కథాబీజము కానవచ్చుచు, మఱుగుపడుచు, మరల వెదకబడుచుండును. ప్రేక్షకుని ఉత్కంఠ యంతయు అచటనే ఉండును. అయితే ఆ ఉత్కంఠ తుది సంధియగు నిర్వహణమును ఉద్దేశించినది. ఫలము దెసకు నడవని ఉత్కంఠ క్రమముగా విసుగై తీరును. మన దైనిక ధారావాహికలు గర్భసంధిని దాటి రావు. దాటినచో కథ ముగియునని వాటి భయము.

కార్తీక్ వైద్యుడు. పితృత్వమును తేల్చుటకు డి.ఎన్.ఎ. పరీక్ష యొకటి యున్నదని అతనికంటె ఎవరికి బాగుగ తెలియును? ఈ ప్రశ్న తెలుగువారి యిండ్లలో ఎన్నిమాఱులు పుట్టెనో లెక్కలేదు. ఆ పరీక్షకు అతని అహంకారమే అడ్డువచ్చినంతకాలము అది నాటకము. పరీక్ష చేయించి, భార్య చెప్పినదే నిజమని తేలినచో తాను పోగొట్టిన సంవత్సరములకు తానే సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చునను లోలోపలి భయమే అడ్డువచ్చినచో అది మహానాటకము. కాని రానురాను అడ్డు మనస్సులోనుండి రాలేదు, వెలుపలనుండి వచ్చెను. నిజము చెప్పబోవు వేళకు ఫోను మ్రోగును. చెప్పవలసినవారు చెప్పబోయి ఆగుదురు. తలుపు చాటున సగము మాట విన్నవారు తక్కిన సగమును అపార్థము చేసికొందురు. పాత్రల స్వభావము సంఘటనలను కనుట మాని, రేపటి భాగమునకు కావలసిన సంఘటనను బట్టి పాత్రలు నేటి స్వభావమును మార్చుకొనసాగినవి. అనౌచిత్యమును మించిన రసభంగకారణము లేదని 9వ శతాబ్దముననే ఆనందవర్ధనుడు తేల్చియున్నాడు. బుద్ధిమంతుడైన వైద్యుని సంవత్సరముల తరబడి బుద్ధిహీనునిగా నిలిపియుంచుటకంటె పెద్ద అనౌచిత్యము వేఱేమి కలదు?

దీర్ఘకాలము తప్పు కాదు. ఉత్తరరామచరితమున మొదటి అంకమునకును రెండవ అంకమునకును నడుమ 12 ఏండ్లు గడచిపోవును. ఆ 12 ఏండ్లలో జరిగినదానిని భవభూతి దినదినమును చూపలేదు. మూడవ అంకమున సీతను అదృశ్యగా నిలిపి, ఆమె ఎదుటనే రామునిచే పంచవటిలో విలపింపజేసెను. భర్త పశ్చాత్తాపమును భార్య స్వయముగా చూచిన పిమ్మటనే కవి వారిని ఏడవ అంకమున కలిపెను. ఆ కలయికకు ముందు ఆ చూపు అవసరమని ఆయన ఎఱుగును. ‘కార్తీక దీపం’ రచయితలకును ఆ చూపునకు తావు దొరకినది. తుదకు నిజము తెలిసినది. అన్నేండ్ల అవమానమునకు కార్తీక్ ఏ ముఖముతో దీప యెదుట నిలుచును, ఆమె ఏమని మన్నించును, మన్నించినను లోలోపల ఏమి మిగిలియుండును, తండ్రిని ఇన్నాళ్లు ఎఱుగని బిడ్డ అతనిని ఏమని పిలుచును అని మేము ఎదురుచూచితిమి. నెలలపాటు తరుగని రచనాసామగ్రి అందున్నది. దానిని తొందరగా దాటివేసి, వెంటనే హత్యారోపణమును, జైలును తెచ్చిరి. పిదప ఇల్లు విడిచి పల్లెలో పేదఱికము. 2022లో ప్రమాదమున ఆ దంపతులు మరణించిరని చూపి, కవలలను ఒక్కసారిగా పెద్దవారిని చేసిరి. కొన్ని నెలలకే వంటలక్కయు డాక్టర్ బాబును బ్రతికివచ్చిరి, ఈసారి అతనికి గతము గుర్తులేదు. ఇన్నింటి నడుమ, నల్లని పిల్ల తన రంగుతోనే గౌరవము సంపాదించుకొనవలెనను మొదటి బీజము ఏమైనదో అడుగువారు లేకపోయిరి. నాకు అన్నిటికంటె బాధ కలిగించినది ఆ మఱపే.

మరణమును చూపి దానిని రద్దుచేసిన కథలో ఆ మీదట ఏ కన్నీటికిని విలువ యుండదు. దీపను నిజముగా కోల్పోయితిమని కుములిన ముసలివారిని నేను ఎఱుగుదును. ఆమె మరల తెరపై కనబడిన నాడు వారు సంతోషించిరి, నిజమే. కాని అటుపిమ్మట వారు చూచినది కథను కాదు, ఆ నటీనటులను మాత్రమే. ఆ ముఖములపై మమకారము మిగిలియున్నది. ఆ ముఖముల వెనుక నున్న మనుష్యులు మాత్రము ఏనాడో వెడలిపోయిరి.

ఈ పతనమునకు ఒక్క రచయితను నిందించుట ధర్మము కాదు. బార్క్ సంస్థ వారము వారము వెల్లడించు రేటింగులను బట్టి కథ వంపు తిరుగుచుండును. కథ యొకరిది, స్క్రీన్‌ప్లే మఱియొకరిది, మాటలు ఇంకొకరివి. ప్రసారమునకు కొలది దినముల ముందు చిత్రీకరణము. ఎక్కువమంది చూచు సీరియలును ముగించుటకు వ్యాపారబుద్ధి ఒప్పుకొనదు గనుక, విఫలమైన కథ త్వరగా ముగిసి బ్రతికిపోవును, విజయము పొందిన కథ ముగియలేక చెడిపోవును. ‘కార్తీక దీపం’ తెలుగు సీరియళ్లలో చిరకాలము అగ్రస్థానమున నిలిచినది. ఆ స్థానమే దానిని 1500కు పైగా భాగములు సాగదీసినది. వారపత్రికలలో నవలలు ధారావాహికలుగా వెలువడిన కాలమునను పాఠకుల ఉత్తరములు వచ్చుచుండెడివి, చందాల లెక్క యుండెడిది. అయినను నవలకు కడపటి ప్రకరణ మొకటి యుండెడిది, దానిని చదివి పుస్తకముగా కుట్టించుకొనిన గృహిణులు ఎందఱో.

పని ముగించుకొని అలసి కూర్చున్నవారికి కాలక్షేపము చాలును, ఇంత విచారణ ఎందులకని కొందఱనవచ్చును. ఆ మాట ఆ ప్రేక్షకులను కించపఱచుట. దినమంతయు వాస్తవజీవితమున మనుష్యుల మనస్సులను చదువుచు సంసారములను నడుపు స్త్రీలకు, ఏ పాత్ర ఏ మాట అనునో ఏ మాట అనదో విమర్శకులకంటె బాగుగా తెలియును. డి.ఎన్.ఎ. ప్రశ్నను మొదట వేసినది వారే. వారి సహనమును అజ్ఞానముగా భావించుటయే చానెళ్లు చేసిన పెద్ద పొరపాటు.

2024 మార్చిలో ‘ఇది నవ వసంతం’ అను ఉపశీర్షికతో అదే పేరుతో, అదే జంటతో క్రొత్త కథ మొదలైనది. తెలుగువారు మరల చూచిరి. ప్రేమించినవారు అంత సులభముగా విడువరు. అందువలన ధారావాహికలను నిర్మించువారిని నేను కోరునది ఒక్కటే: మొదటి భాగమును చిత్రీకరింపకముందే కడపటి భాగమును వ్రాసికొనుడు, కథకు ఎన్ని నెలలు కావలెనో నిర్ణయించి, ఆ గడువును ప్రేక్షకులకు ముందుగానే ప్రకటింపుడు, రేటింగు ఎంత వచ్చినను ఆ గడువును దాటకుడు.