విడిచిపెట్టిన అధ్యాయం

కథను కంటితో చదవడం వేరు, చెవితో వినడం వేరు. మన ప్రాచీన సాహిత్యంలో అధిక భాగం చెవి కోసమే పుట్టింది. రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ తెలుగు చేయడం ప్రారంభించిన భారతం సభలో వినదగిన కావ్యం. పల్లెల్లో రామాలయం అరుగు మీద పౌరాణికుడు పద్యం చదివి అర్థం చెబుతుంటే అక్షరం రానివారు సైతం ఆ కథలను హృదయస్థం చేసుకున్నారు. ఈ సంగతిని ఏళ్ళ తరబడి తరగతిలో బోధిస్తూనే ఉన్నాను. అయితే మా పిల్లలకు ఒక పుస్తకం చదివి వినిపించేవరకు దాని అంతరార్థం నాకు బోధపడలేదు.

2008 వేసవి సెలవులలో మా బావమరిది మా అబ్బాయికి ఒక ఆంగ్ల నవలను కానుకగా తెచ్చాడు. అది జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచించిన ‘ది హాబిట్’. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు, అమ్మాయికి ఆరేళ్ళు. ఆంగ్ల మాధ్యమంలో చదువుతున్నా వాడికి ఆ పుస్తకం కొరుకుడుపడలేదు. చదివి చెప్పమని నా దగ్గరకు తెచ్చాడు. మరుగుజ్జులు, మాయా ఉంగరాలు, నిధిని కాపాడే మహాసర్పం! ఇవి పిల్లల కాలక్షేపానికే తప్ప మరెందుకూ పనికిరావని తోసిపుచ్చాను. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ మీద పరిశోధన చేసిన నేను ఆ మాట అనడం ఎంత విడ్డూరమో అప్పుడు తట్టలేదు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమిపై నిజంగా జరగడం కంటె అద్భుతం ఇంకేముంటుంది?

పుస్తకం తిరగేసిన తరువాత నా అహంకారం కొంత తగ్గింది. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీనాంగ్లాన్ని బోధించిన ఆచార్యుడు. ‘బేవుల్ఫ్’ అనే పురాతన కావ్యంలో కూడా నిధిని కాపాడే సర్పం ఉంది. ఆ నిధి నుండి ఒక పాత్రను దొంగిలిస్తే అది ఆగ్రహిస్తుంది. ఆ పాత కథ ఛాయ ఈ కొత్త కథ మీద పడింది. తన పిల్లలకు చెప్పిన కథనే ఆయన నవలగా మలిచాడు. ప్రచురణకర్త ఆ రాతప్రతిని పదేళ్ళ తన కుమారునికి ఇచ్చి, అభిప్రాయం రాసినందుకు ఒక షిల్లింగు ముట్టజెప్పాడట. ఆ బాలుడు బాగుందన్నాడు. 1937లో పుస్తకం వెలువడింది. ప్రాచీన భాషను బోధించే మరొక ఉపాధ్యాయుడు తన పిల్లల కోసం చేసిన పనిని నేను చిన్నచూపు చూశానన్నమాట.

ఆ రాత్రి నుండి పఠనం మొదలైంది. మాకు అప్పట్లో సాయంవేళ కరెంటు కోత ఉండేది. వరండాలో లాంతరు పెట్టుకొని ఒక్కొక్క పేరా ఆంగ్లంలో చదివి, వెంటనే తెలుగులో చెప్పేవాణ్ణి. మా అమ్మ నవారు మంచం మీద కూర్చొని వినేది. ఆమెకు ఆంగ్లం రాదు కాబట్టి తెలుగు భాగం కోసం ఎదురుచూసేది. “ఆ పొట్టివాడు గుహలోంచి బయటపడ్డాడురా?” అని మరునాటి ఉదయం నన్ను అడిగేది.

అనువాదంలో చిక్కులు పిల్లలే విప్పారు. గాండాల్ఫ్‌ను నేను ‘మాంత్రికుడు’ అన్నాను. అబ్బాయి ఒప్పుకోలేదు. మన కథల్లో మాంత్రికుడు రాజకుమార్తెను ఎత్తుకుపోయే దుష్టుడు. ఈయన మంచివాడు కదా అన్నాడు. కాశీమజిలీ కథల్లో గోపబాలునికి మజిలీ మజిలీకి కథ చెప్పే మణిసిద్ధుడు గుర్తుకొచ్చి ‘సిద్ధుడు’ అన్నాను. అది అందరికీ నచ్చింది. పాటలంటే ప్రాణమిచ్చే ఎల్ఫులు మా వరండాలో గంధర్వులయ్యారు. బిల్బో, గొల్లుమ్ చీకటి గుహలో పొడుపుకథల పందెం వేసుకున్న ఘట్టంలో మా అమ్మ తనకు తెలిసిన పొడుపుకథలు కలిపింది. ఆ రాత్రి కథ ఒక్క పేజీ కూడా ముందుకు సాగలేదు. నేను మధ్యలో ఆగి శబ్దార్థాలు వివరించబోతే మాత్రం మా అమ్మాయి విసుక్కునేది. “నాన్నా, పాఠం వద్దు, కథ చెప్పు” అనేది.

కథలో థోరిన్ అనే మరుగుజ్జుల రాజు ఉన్నాడు. యుద్ధం తప్పించాలని బిల్బో ఆయనకు ప్రాణప్రదమైన రత్నాన్ని ఎదుటి పక్షానికి ఇచ్చేస్తాడు. థోరిన్ ఉగ్రుడై అతణ్ణి వెళ్ళగొడతాడు. తరువాత యుద్ధం జరగనే జరుగుతుంది. ఆయన మేనల్లుళ్ళిద్దరూ ఆయనను కాపాడుతూ నేలకొరుగుతారు. గాయపడిన థోరిన్ మరణశయ్యపై బిల్బోను పిలిపించి, కోపం విడిచి, స్నేహితునిగా వీడ్కోలు చెబుతాడు.

మేము ఆ అధ్యాయానికి చేరే నాటికి మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆమె ఇక కోలుకోదని వైద్యులు నాతో చెప్పారు. పిల్లలతో నేను ఆ మాట చెప్పలేదు. “నాయనమ్మ నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది” అన్నాను. ఆసుపత్రికి వస్తామంటే వద్దన్నాను. ఆ రాత్రి పుస్తకం తెరిచి, థోరిన్ గాయాలు మానాయనీ, రాజై చాలాకాలం పాలించాడనీ చెప్పి ముగించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. 2009 సంక్రాంతికి వారం ముందు మా అమ్మ కన్నుమూసింది.

ఆ వేసవిలో మా అబ్బాయి ఆ పుస్తకాన్ని తనంతట తానే చదివాడు. ఒక మధ్యాహ్నం పుస్తకంలో వేలు పెట్టుకొని నా గదిలోకి వచ్చాడు. “థోరిన్ బతకలేదు నాన్నా” అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను. కొంతసేపటికి వాడే మళ్ళీ అన్నాడు: “బిల్బో చివరిసారి ఆయనతో మాట్లాడాడు. నాయనమ్మతో నేను మాట్లాడలేదు.”

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నేటికీ లేదు. పిల్లలను దుఃఖం నుండి కాపాడాననుకున్నాను. నిజానికి వారికి దక్కవలసిన వీడ్కోలును అపహరించాను. మన పెద్దలు ఇలా చేయలేదు. అభిమన్యుని మరణాన్ని వారు పిల్లల ముందు దాచలేదు. పక్కన కూర్చోబెట్టుకొని, ఆ కథ విని తామూ కన్నీరు పెట్టుకున్నారు. దుఃఖం వినిపించే గొంతు తమవారిదే అయినప్పుడు పిల్లలు దాన్ని భరించగలరు. ఆ తోడు కోసమే పురాణాన్ని పదిమంది కలిసి విన్నారని నాకు తోస్తుంది.

ఆ రాత్రి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకొని విడిచిన అధ్యాయాన్ని ఒక్క వాక్యమైనా మార్చకుండా చదివాను. మధ్యలో నా గొంతు పూడుకుపోయింది. అబ్బాయి పుస్తకం అందుకొని మిగిలిన పేజీ తానే చదివి, చెల్లెలికి తెలుగులో చెప్పాడు. తరువాత చాలాసేపు మేము మా అమ్మ గురించి మాట్లాడుకున్నాం. ఆమె పోయాక అలా మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

ఆ తరువాత టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటాలను రెండేళ్ళపాటు చదువుకున్నాం. ఎవరు మరణించినా, ఎవరు ఓడినా దాటవేయలేదు. చివరి సంపుటం నాటికి చదివేవాడు మా అబ్బాయి, వినేవాణ్ణి నేను.

విద్యార్థులారా! మీ ఇళ్ళలో చదవడం రాని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉండవచ్చు. చూపు మందగించిన తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఉండవచ్చు. రోజుకు ఒక అరగంట వారికి ఏదైనా కథ చదివి వినిపించండి. అది మన కావ్యమైనా సరే, పరాయి దేశపు అద్భుత గాథ అయినా సరే. కష్టమైన మాటను తేలిక చేయండి, అర్థం కానిచోట ఆగండి. కాని వారు బాధపడతారని ఏ అధ్యాయాన్నీ విడిచిపెట్టకండి. ఆ పేజీ వచ్చినప్పుడు వారికి కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి.