పదిమంది యిల్లు: ఇంగ్లండు పబ్బులకు మా బస్సుయాత్రలు

పబ్బు అను మాట చెవినిబడగానే మన సోదరీమణులలో పలువురు మొగము ముడుచుకొందురు. అది సహజమే. త్రాగుడు మన సంసారముల నెట్లు గుల్లచేసినదో మనకొకరు చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు కొంగు బిగించి సారాదుకాణమును మూయించిన కథ మరపునకు వచ్చునది కాదు. మేమును ఆ గాలిలో పెరిగినవారమే. మా యింట ఎవ్వరును మద్యము ముట్టరు. అట్టి మేము ఇంగ్లండులోని పాతపబ్బులను వెదకికొనుచు దినయాత్రలు చేయుచున్నామనిన మీకు వింతగా దోచవచ్చును. కావున మొదటనే ఒక మనవి. పబ్బు అనునది పబ్లిక్ హౌస్ అను మాటకు కురుచరూపము. అనగా పదిమంది యిల్లు. మేము చూడబోయినది ఆ యింటిని. ఆ యింట ఆడుదానికి చోటెక్కడ నున్నదనునదే మేము వెంటబెట్టుకొనిపోయిన ప్రశ్న.

మావారు లండనులో లెక్కల ఉపాధ్యాయులు. ఉపాధ్యాయుని జీతముతో కారును పోషించుట భారమే గాని, ఈ యాత్రలకు కారు లేకుండుటయే మేలు. త్రాగువానికి బండి తోలు పని తప్పును. త్రాగనివారికి రెండంతస్తుల బస్సులో మేడమీద ముందువరుసను కూర్చుండి వీథులు చూచు భాగ్యము కలుగును. లండను బస్సులలో ఒకమారు రుసుము చెల్లించిన గంటలోపల ఎన్ని బస్సులైనను మారవచ్చును.

జార్జి ఆర్వెల్ అను ప్రసిద్ధరచయిత, మన దేశమున మోతీహారియందు 1903లో పుట్టినవాడు, తన మనసునకు నచ్చిన పబ్బును గూర్చి 1946లో నొక వ్యాసము వ్రాసెను. ఆ పబ్బు బస్సాగు చోటికి రెండు నిమిషముల నడకలో నున్నదట. దానివెనుక నొక తోట కలదట. తల్లి యింటివద్ద బిడ్డను కనిపెట్టుకొనియుండ తండ్రి యొక్కడే పోవలసిన అవస్థ లేక, ఆ తోటకు కుటుంబమంతయు పోవుచుండెనట. పిల్లలను, వారితోపాటు కొంతవరకు స్త్రీలను, వెలుపల నుంచుటచేతనే పబ్బులు ఉత్త త్రాగుడుకొట్లుగా దిగజారినవని ఆయన తలంపు. తుదకు, అట్టి పబ్బు తా నెరిగినంతలో లేనే లేదని ఆయనయే చెప్పెను. లేనిదానిలో కొంతయైనను ఎక్కడనైన దొరకునేమో చూతమని మేము బయలుదేరితిమి.

మొదటియాత్ర సెయింట్ ఆల్బన్సునకు. లండనులోని సెయింట్ పాంక్రాస్ స్టేషనునుండి రైలులో ఇరువది నిమిషముల ప్రయాణము. ఊరిలోని ప్రాచీనమగు పెద్దచర్చి ప్రక్కగా పల్లమునకు దిగినచో వెర్ అను చిన్నయేరు, దాని చెంత ఎనిమిదిపలకల పొందికయైన యిల్లు. దాని పేరు 'యీ ఓల్డ్ ఫైటింగ్ కాక్స్', అనగా పందెపు కోడిపుంజులు. ఇంగ్లండున కోడిపందెములు 1835లోనే చట్టముచే నిషేధింపబడినవి, పేరుమాత్రము నిలిచినది. భీమవరపు సంక్రాంతి నెరిగిన మాకు ఆ గుర్తుబల్లను చూడగానే నవ్వాగలేదు. దేశములోకెల్ల తామే పాతవారమని చెప్పుకొను పబ్బులు పెక్కు గలవు; వానిలో నిదియు నొకటి.

లోపల దూలములు తలకు తగులునంత క్రిందుగా నున్నవి. ఇచ్చట కూర్చుండినచోటికి ఎవ్వరును వచ్చి యేమికావలెనని యడుగరు. మనమే పెద్దబల్లయొద్దకు పోయి చెప్పి, సొమ్మిచ్చి, గ్లాసులు పట్టుకొని రావలెను. వరుస నిలుచుట లేకున్నను, ఎవరి తరువాత ఎవరు వచ్చిరో బల్లవెనుకనున్న యామె కన్నులలోనే లెక్క యుంచుకొనును. మేము నిమ్మపానీయమును, 'ప్లౌమన్స్ లంచ్' అను దున్నువాని భోజనమును తీసికొంటిమి. రొట్టె, చీజు, ఊరవేసిన ఉల్లిపాయ. పేరు పురాతనముగా దోచును గాని, 1950ల తరువాత చీజు అమ్మువారి ప్రచారమువలననే అది దేశమంతట వ్యాపించినది. ఊరిన ఉల్లిపాయ మన ఊరగాయముందు నిలువదు. ఆకలికి మాత్రము చాలును.

ఆ యింట కూర్చుండి మాటలాడుకొనుచు, మావారు మాకు తెలిపిన పూర్వకథ యిది. మధ్యయుగమున ఏల్ అను బార్లీపానీయము కాచుట ఇల్లాండ్ర పని. అది త్వరలో చెడిపోవునది గావున, ఇంటికి చాలినది యుంచుకొని మిగిలినది ఇరుగుపొరుగులకు అమ్మెడివారు. కాచినదినమున వాకిట నొక కొయ్యకు ఆకులకట్ట కట్టి తెలియజేసెడివారు. ఇంగ్లీషున 'బ్రూస్టరు' అను మాటకు మొదట కాచునట్టి స్త్రీ అనియే అర్థము. పిమ్మట 'హాప్' అను తీగపూవులు వేసి కాచు బీరు వచ్చెను. అది చాలదినములు నిలువయుండును, దూరమునకు పంపవచ్చును. వ్యాపారము పెరిగి, పెట్టుబడి కావలసివచ్చి, పని క్రమముగా పురుషుల చేతికి పోయెను. కాబట్టి ఈ పదిమంది యిల్లు మొదట ఒక ఇల్లాలి వంటిల్లే!

రెండవయాత్ర సదర్కునకు. లండన్ బ్రిడ్జి యొద్ద బస్సు దిగి, పెద్దవీథిలో నొక సందులోనికి తిరిగిన జార్జి యను సత్రము. 1676 నాటి అగ్నిప్రమాదమున కాలిపోగా 1677లో మరల కట్టిరి. పూర్వము గుఱ్ఱపుబండ్ల ప్రయాణికులు దిగుచుండిన యిట్టి వసారాల సత్రములలో లండనున మిగిలినది ఇదియొక్కటే. రైల్వేవారు రెండువైపులు పడగొట్టగా ఒక్కవైపు మాత్రము నిలిచినది. ఇప్పు డది నేషనల్ ట్రస్టువారి సొత్తు. దాని పొరుగుననే టాబర్డు అను సత్రముండెడిది. 1873లో దానిని పడగొట్టిరి. చాసరు మహాకవి కథలలో కాంటర్బరీ యాత్రికులు కూడుకొన్నది అచ్చటనే. మన క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి పూటకూళ్లయింట భుజించిన ముచ్చట మాకు జ్ఞప్తికి వచ్చినది. అయితే చాసరు యాత్రికులలో బాత్ నగరపు గడుసు గృహిణియు నున్నది. ఆరువందల యేండ్లకు పూర్వమే ఆమె పురుషులతో సమానముగా కథ చెప్పినది!

అచ్చటినుండి బస్సులో నదిని దాటి ఫ్లీట్ వీథికి పోయితిమి. పత్రికలవారును న్యాయవాదులును చేరుచుండిన ఈ వీథిలోని ఎల్ వినో యను ద్రాక్షాసవశాలలో చాలకాలము స్త్రీలను పెద్దబల్లయొద్ద నిలువనిచ్చెడివారు కారు. వెనుకగదిలో కూర్చుండిననే తెచ్చియిచ్చెడివారు. టెస్ గిల్ అను న్యాయవాదియు, అన్నా కూట్ అను పత్రికారచయిత్రియు న్యాయస్థానమున కెక్కిరి. అది 1975 నాటి చట్టమునకు విరుద్ధమని 1982లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. పానీయము కొరకేనా యింత వ్యాజ్యమని కొంద రనవచ్చును. కాని నలుగురు నిలిచి లోకవార్తలు మాటలాడుకొనుచోట ఒకరిని వెనుకగదికి పంపుట చిన్నసంగతి కాదు. అడ్డపంచలో పురుషులు మాటలాడుచుండ తలుపుచాటున నిలిచి వినిన మన అమ్మమ్మల కిది బాగుగా తెలియును.

మూడవది నన్‌హెడ్ అను పేటలోని ఐవీ హౌస్. ఇది పాతదనమున మొదటిరెండింటికి చాలదు. గోడలకు కొయ్యపలకలు తాపినట్టిది. 2012లో దీనిని మూసివేసి అమ్మజూపిరి. పేటవారు ఊరకుండలేదు. 2011లో వచ్చిన చట్టము ననుసరించి, సంఘమునకు విలువగల ఆస్తిగా దేశమున మొట్టమొదట నమోదైన పబ్బు ఇదియే. అట్లు నమోదైన ఆస్తిని అమ్మునప్పుడు స్థానికులు సొమ్ము కూర్చుకొనుటకు గడువు దొరకును. పేటవారు వాటాలు వేసికొని 2013లో కొనిరి. మేము పోయిననాడు ఒకమూల నొక ముదుసలి ఊలుఅల్లిక చేసికొనుచుండెను. ఆమె యెదుట టీ కప్పు. పిల్ల లిద్దరు నేలమీద బొమ్మలు గీయుచుండిరి. మా నిమ్మపానీయమును చూచి నవ్వినవారు లేరు. ఆర్వెల్ కోరిన పబ్బునకు ఇది దూరపుచుట్టమైనను కావచ్చునని మావా రనిరి.

ఇచ్చటికి బంధువులను చూడవచ్చు సోదరీమణులకు రెండుమాటలు. మధ్యాహ్నవేళ పొండు, అప్పుడు సందడి తక్కువ, ఎండ యుండిన తోటలో కూర్చుండవచ్చును. పిల్లలతో పోవునప్పుడు లోపలికి రానిత్తురా యని వాకిటనే యడుగుడు. అది యింటివారి యిష్టము. తిరుగుబస్సు వేళను ముందే చూచుకొనుడు. ఊరిబయట ఆదివారపు బస్సులు అరుదు.

త్రాగుడును మేము మెచ్చుకొనలేదు, మెచ్చుకొనము. ఆ యిండ్లనుండి తూలుచు వచ్చు మగనికై యెదురుచూచిన ఆంగ్లస్త్రీలును కోకొల్లలు. కాని వారి కొక వీథి కొక దీపము, ఒక పొయ్యి, అద్దె యడుగని కుర్చీ యుండుట మంచిదే. మనకు కుళాయిలు వచ్చి బావిగట్టు పోయినది; మేడలు లేచి వీథి అరుగు పోయినది. పనులు ముగిసిన సాయంవేళ నలుగురాడువారు కూర్చుండి మాటలాడుకొనుటకు మన యూళ్లలో మిగిలినచో టెంత? మద్యము లేని పదిమంది యిల్లొకటి, గ్రంథాలయపు గదియైనను సరే, ఊరూర నుండవలెను. నన్‌హెడ్ వారివలె నలుగురు చేయిచేయి కలిపిన అది అసాధ్యము కాదు.