మన వాగు ఎక్కడిదాకా పోతుంది?

ఏడో తరగతి పిల్లలను కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి తీసుకెళ్తున్నామని స్కూల్ నుంచి అనుమతి పత్రం వచ్చింది. మూడు రోజులు అది మా ఫ్రిజ్ మీదే ఉంది. నేను సంతకం పెట్టలేదు.

కారణం ఉంది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నా పక్కనే కూర్చునే దోస్తు ఒక ఆదివారం పెద్దవాగులో ఈతకు దిగి తిరిగి రాలేదు. ఆ రోజు నేనూ పోవాల్సింది. జ్వరమొచ్చి ఆగిపోయాను. అప్పటి నుంచి వాగంటే భయం. నా బిడ్డ ఆసిఫాబాద్‌లోనే పుట్టి పెరిగినా, బ్రిడ్జి మీద బండి పోతున్నప్పుడు తప్ప పెద్దవాగును చూడలేదు. ఎందుకని అడిగితే "వద్దంటే వద్దు" అనేవాణ్ణి.

తోడుగా కొందరు తల్లిదండ్రులు రావచ్చని టీచర్ చెప్పడంతో చివరికి నేనూ బయలుదేరాను.

కోరంగిలో ఉదయాన్నే గైడ్ మమ్మల్ని చెక్క వంతెన మీద వరుసగా నడిపించాడు. "గట్టిగా మాట్లాడకండమ్మా, పిట్టలు లేచిపోతాయి" అన్నాడు. సముద్రం పాటు మీద ఉంది. నీరు వెనక్కి తగ్గి బురద తేలింది. అందులోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు లెక్కలేనన్ని వేర్లు పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటితోనే ఊపిరి పీల్చుకుంటుందట. తెల్లమడ ఆకును నాలుకకు తాకించి చూడమన్నాడు. ఉప్పగా ఉందని పిల్లలంతా ముఖం చిట్లించారు. పీల్చుకున్న ఉప్పును ఆ చెట్టు ఆకుల ద్వారా బయటికి పంపేస్తుంది.

ఇంకో చెట్టుకు పొడుగ్గా వేలాడేవి కాయలనుకున్నాం. అవి కొమ్మ మీదే మొలకెత్తిన మొక్కలు. ఉప్పు బురదలో విత్తనం మొలవడం కష్టం కాబట్టి, తల్లి చెట్టే కొంతదాకా పెంచి వదులుతుంది. కింద పడ్డాక కొన్ని అక్కడే నాటుకుంటాయి, కొన్ని నీటిమీద తేలుతూ పోయి మరోచోట వేళ్లూనుకుంటాయి. ఆ మాటకు తోడొచ్చిన తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. 1789, 1839 తుఫాన్లు దాన్ని దెబ్బతీశాయి. అలల జోరును తగ్గించే ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

"ఇంత బురద ఎక్కడి నుంచి వచ్చింది?" అని గైడ్ అడిగాడు. అందరూ సముద్రం అన్నారు. నా బిడ్డ చెయ్యెత్తింది.

"గోదావరి తెచ్చింది సార్. మా పెద్దవాగు ప్రాణహితల కలుస్తది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిల కలుస్తది. అంటే ఇందులో మా ఊరి మట్టి కూడా ఉంటది కదా?"

"ఉంటుందమ్మా! మరి మీ వాగు ఎలా ఉంటుందో చెప్పు."

"నేను సరిగ్గా చూడలేదు సార్. మా డాడీ పోనియ్యడు."

అందరూ నా వైపు చూశారు. పాఠంలో ఆ వాగు సముద్రం దాకా ఎలా పోతుందో తెలిసిన పిల్లకు, దాని ఒడ్డు తెలియకుండా చేసింది నేనే.

తిరుగు రైల్లో నా దోస్తు సంగతి మొదటిసారి చెప్పాను.

"ఆయనకు ఈత వచ్చా?" అని అడిగింది.

"రాదు. నాకూ రాదు" అన్నాను.

తర్వాతి ఆదివారం ఇద్దరం పెద్దవాగు ఒడ్డుకు పోయాం. వాడు మునిగిన చోటు చూపించాను. పైన ఇసుక మేటలు, పక్కనే లోతు తెలియని మడుగు. వానాకాలంలో, ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు ఇటు రావద్దని, పెద్దవాళ్లు తోడు లేకుండా ఎప్పుడూ దిగొద్దని చెప్పాను. ఇన్నాళ్లూ అన్న "వద్దు"కు ఆ రోజు కారణం దొరికింది. అది ఎదురు చెప్పలేదు.

తోటి తల్లిదండ్రులకు ఒక్క మాట. మనకు భయమున్న చోటును పిల్లల నుంచి దాస్తే వాళ్లు ఎప్పుడో ఒకరోజు మనం లేనప్పుడు అక్కడికి పోతారు. ముందుగా మనమే చెయ్యి పట్టుకుని తీసుకుపోదాం.

వచ్చేముందు మా అమ్మాయి ఒక మోదుగాకును నీళ్లలో వదిలింది.

"కోరంగికి ఎన్ని రోజులకు పోతది డాడీ?"

"మధ్యలో ధవళేశ్వరం ఆనకట్ట కూడా ఉంది కదా, నువ్వే లెక్కేసి చెప్పు" అన్నాను.

– ఏడో తరగతి విద్యార్థిని తండ్రి, ఆసిఫాబాద్