స్టాంపు మీద మిణుకు

మేనకోడలు అమెరికా నుంచి హన్మకొండకు ఉత్తరం వేసింది. విప్పకముందే కన్ను స్టాంపు మీద పడింది. సముద్రం అడుగు చీకట్లో వెలిగే క్రౌన్ జెల్లీఫిష్! 2018లో అక్కడి తపాలా శాఖ వెలిగే జీవుల మీద తెచ్చిన పది స్టాంపుల్లో ఒకటట. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే మిలమిలలాడుతోంది.

ఏదైనా జీవి మీద పడి కొరికితే ఈ జెల్లీఫిష్ ఒళ్లంతా దీపాలు తిప్పుతుందట. ఆ వెలుగుకు ఇంకా పెద్ద జీవి వస్తే, కొరికినదానికే గండం. దొంగ పడితే ఊరంతా లేపినట్టు!

ఓరుగల్లుకు సముద్రమెక్కడిదని నవ్వుకున్నా. తీరా చూస్తే ఆ పది స్టాంపుల్లో మన మిణుగురు పురుగూ ఉంది. చిన్నప్పుడు పాకాల చెరువు వైపు పోతే అగ్గిపెట్టెలో పట్టి తెచ్చుకునేవాళ్లం.

స్టాంపును భద్రంగా దాచిపెట్టా. మిణుగురును చూసి మాత్రం ఎన్నేండ్లయిందో!